లైన్‌మన్ తయారవ్వాలంటే రెండేళ్లు ఆగాలి

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో 233వ ఎంపికగా ఫిలడెల్ఫియా ఈగల్స్ తీసుకున్న జోర్డన్ మైలాటా అప్పటికి ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. సిడ్నీ కుర్రాడు. రగ్బీ లీగ్‌లో సౌత్ సిడ్నీ రాబిటోస్ క్లబ్ అండర్-20 జట్టుకు ఆడాడు. ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు, బరువు దాదాపు 157 కిలోలు. అంత ఒళ్లు వేసుకుని అతను పరిగెత్తే తీరు చూసి, ఇతర దేశాల ఆటగాళ్ల కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ పెట్టిన శిక్షణ కార్యక్రమంలోకి పిలిచారు. అక్కడి నుంచి ఏడో రౌండ్‌లో ఈగల్స్ చేతికి వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీ చీఫ్స్‌ను 40-22తో ఓడించి ఈగల్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినప్పుడు, జట్టు ముందు వరుసలో ఎడమ చివర నిలబడే లైన్‌మన్, అంటే ఎడమ ట్యాకిల్, అతనే.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా అతని ఒడ్డూ పొడుగూ దగ్గరే ఆగిపోతారు. నిజానికి చూడాల్సింది 2018, 2019 సీజన్లను. ఆ రెండేళ్లలో అతను రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లో ఒక్క ప్లే కూడా ఆడలేదు. వెన్ను గాయం కొంత కారణం, ఆట ఇంకా రాకపోవడం మరికొంత. అయినా జట్టు అతన్ని వదల్లేదు. మొదటి ఏడాదే 53 మంది అసలు జాబితాలో చోటిచ్చింది. మైదానంలోకి దింపలేని మనిషికి ఆ 53లో ఒక స్థానం ఇవ్వడమంటే, ఆ వారం పనికొచ్చే ఇంకొకరిని వదులుకోవడం.

మంచి ఆఫెన్సివ్ లైన్‌మెన్ దొరకడం లేదని జట్లు ఏటా వాపోతుంటాయి. భారీ శరీరాలకు అమెరికాలో కొరత లేదు. కొరతల్లా ఆ శరీరానికి పని నేర్పే టైమ్‌కు, ఆ టైమ్ ఇచ్చే ఓపికకు.

ఆట కొత్తవాళ్ల కోసం కొంచెం వివరం. దాడి చేసే జట్టు ముందు వరుసలో ఐదుగురు ఉంటారు, వీళ్లే ఆఫెన్సివ్ లైన్‌మెన్. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిళ్లు. సెంటర్ బంతిని వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే పాస్ విసిరేవాడికి, అందిస్తాడు, దాన్నే స్నాప్ అంటారు. అక్కడి నుంచి ఐదుగురి పనీ ఒకటే, ఎదుటి వాళ్లను ఆపడం. పాస్ వేస్తే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా చూడాలి. బంతితో పరిగెత్తితే దారి తెరవాలి. మామూలు పరిస్థితుల్లో వీళ్లు పాస్ అందుకోవడానికి రూల్ ఒప్పుకోదు. బాగా ఆడితే ఎవరి కంటా పడరు. ఒక్కడు తప్పితే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు, దాన్నే శాక్ అంటారు. 2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్ ఒక్క సీజన్‌లో 76 శాక్‌లు తిన్నాడు. 2021లో సిన్సినాటి బెంగాల్స్ జో బర్రో ప్లేఆఫ్స్‌తో కలిపి 70 శాక్‌లు తింటూనే జట్టును సూపర్ బౌల్ దాకా లాక్కెళ్లాడు. ఆ ఫైనల్లోనే ఏడు. ఆ జట్టు ఫైనల్ ఓడిపోవడానికి కారణం వెతకాలంటే ఆ అంకె దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ పని ఎందుకంత ఆలస్యంగా వస్తుంది? పాస్ ప్రొటెక్షన్‌లో లైన్‌మన్ వెనక్కి జరుగుతూ పోరాడాలి. ఎదురుగా వచ్చేవాడు ముందుకు, పూర్తి వేగంతో, తనకు నచ్చిన దారిలో వస్తాడు. లైన్‌మన్‌కు అతను ఏ వైపు వస్తాడో తెలియదు. బంతి కదలగానే బయటి కాలు వెనక్కి నెట్టి, లోపలి కాలిని దాని వెంట లాగాలి. ఆ అడుగులు ఒకదాన్నొకటి దాటకూడదు, మడమలు దగ్గరకు రాకూడదు. నడుము కిందికి ఉండాలి కానీ ఛాతీ ముందుకు వాలకూడదు. వాలితే ఎదుటివాడు చెయ్యి పట్టి లాగి పక్కనుంచి వెళ్లిపోతాడు. మరీ నిటారుగా నిలబడితే గుండెల మీద తోసి, క్వార్టర్‌బ్యాక్ ఒళ్లోకి నెట్టుకుంటూ పోతాడు. ఇదంతా రెండున్నర మూడు సెకన్లలో అయిపోతుంది.

ఇక చేతులు. కొత్తవాడు రెండు చేతులూ ఒకేసారి చాచి కొడతాడు. అనుభవమున్న రషర్, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు, ఆ దెబ్బ కోసమే ఎదురుచూస్తూ ఉంటాడు. రెండు చేతులూ ఒకే దెబ్బతో పక్కకు కొట్టేశాడంటే లైన్‌మన్ దగ్గర ఇంకేమీ మిగలదు. అందుకే ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక, ఒక్కోసారి దొంగ దెబ్బ చూపించి ఆగడం, ఇవన్నీ నేర్పుతారు. చెయ్యి ఎదుటివాడి ఛాతీ లోపల పడితే బ్లాక్, భుజం బయట పడి జెర్సీ పట్టుకుంటే హోల్డింగ్ పెనాల్టీ. ఈ టైమింగ్ వీడియో చూస్తే రాదు. బరువైన, కోపంగా ఉన్న, నిజంగా గెలవాలనుకునే మనిషి మీద వేలసార్లు చేస్తే వస్తుంది.

అసలు కష్టం ఒంటరి పోరులో కాదు, జంటలో. ఎదుటి జట్టు ఇద్దరు రషర్లు స్నాప్ తర్వాత దారులు మార్చుకుంటారు, స్టంట్ అంటారు దాన్ని. ట్యాకిల్ ఎదురుగా ఉన్నవాడు లోపలికి, గార్డ్ ఎదురుగా ఉన్నవాడు బయటికి. ఇద్దరు లైన్‌మెన్ తమ మనుషులను ఒకరికొకరు అప్పగించుకోవాలి. కబడ్డీలో చేతులు పట్టుకుని నిలబడే చైన్ లాంటిది ఇది. ఒకడు అర సెకను ముందు కదిలితే పక్కవాడి పట్టు ఊడిపోతుంది, రైడర్ ఆ సందులోంచే జారుకుంటాడు. పక్కవాడు ఎప్పుడు అప్పగిస్తాడో నోటితో చెప్పుకునే టైమ్ ఉండదు. భుజం తగిలిన తీరును బట్టి తెలియాలి. ఆ తెలివిడి ఇద్దరూ కలిసి గడిపిన నెలల్లోంచి వస్తుంది తప్ప, ఎంత జీతమిచ్చినా కొనుక్కుంటే రాదు.

ఎడమ నుంచి కుడికి మారడం కూడా చిన్న విషయం కాదు. నిలబడే తీరు, వెనక్కి వేసే కాలు, ముందు కొట్టే చెయ్యి అన్నీ తలకిందులవుతాయి. ఒరెగాన్ యూనివర్సిటీలో ఎడమ ట్యాకిల్‌గా ఆడిన పెనై స్యూవెల్‌ను డెట్రాయిట్ లయన్స్ 2021లో ఏడో ఎంపికగా తీసుకుని కుడి వైపు పెట్టింది. ప్రీసీజన్‌లో తడబడ్డాడు. అంతలో ఎడమ వైపు ఆడే టేలర్ డెక్కర్ గాయపడటంతో మళ్లీ అటు పంపారు. తర్వాత తిరిగి కుడి వైపుకు. ఈ రోజు ఆటలోని అత్యుత్తమ ట్యాకిళ్లలో అతనొకడు, 2024లో నాలుగేళ్లకు 11.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. అంతటివాడికే కుదురుకోవడానికి అన్ని నెలలు పడితే సామాన్యుడి సంగతి ఊహించవచ్చు.

కాలేజీ ఫుట్‌బాల్ ఈ పనులు నేర్పి పంపదు. చాలా కాలేజీ జట్లు స్ప్రెడ్ పద్ధతిలో ఆడతాయి. మైదానం వెడల్పంతా ఆటగాళ్లను పరిచి, బంతిని క్షణంలో వదిలేస్తారు. లైన్‌మన్ చెయ్యి నేలకు ఆనించకుండా నిలబడే మొదలుపెడతాడు, ఒక సెకను అడ్డం ఉంటే పని అయిపోతుంది. రూల్స్ కూడా వేరు. ముందుకు పాస్ వేసే ప్లేలో కాలేజీ లైన్‌మన్ 3 గజాల దాకా ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. దాంతో పరుగా పాసా తేలకముందే దూసుకుపోవడం కాలేజీలో నడుస్తుంది, ఇక్కడ పెనాల్టీ పడుతుంది. దీనికి ఎన్‌ఎఫ్‌ఎల్ కోచ్‌లు కాలేజీలను తిట్టిపోస్తారు. అది సరికాదు. కాలేజీ కోచ్ శనివారం మ్యాచ్ గెలవకపోతే అతని ఉద్యోగం పోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ట్యాకిళ్లను సరఫరా చేస్తానని అతను ఎవరికీ మాటివ్వలేదు. సిద్ధంగా ఉన్న లైన్‌మన్ కావాలంటే లీగ్ తనే తయారుచేసుకోవాలి.

ఆ తయారీకి ఉన్న టైమ్ 2011లో బాగా తగ్గింది. ఆటగాళ్ల సంఘంతో కుదిరిన కొత్త ఒప్పందం రోజుకు రెండుసార్లు ప్యాడ్స్‌తో, అంటే ఒంటికి రక్షణ కట్టుకుని నిజంగా ఢీకొట్టుకుంటూ, చేసే ప్రాక్టీస్‌ను తీసేసింది. సీజన్ మొత్తంలో ప్యాడ్స్ వేసుకుని చేసే ప్రాక్టీస్‌లు 14కు మించకూడదంది. సీజన్ లేని నెలల్లో జరిగే కార్యక్రమాన్ని 14 వారాల నుంచి 9కి కుదించింది, అందులోనూ ఢీకొట్టడం ఉండదు. 2021 నుంచి ప్రీసీజన్ మ్యాచ్‌లు నాలుగు నుంచి మూడయ్యాయి. యూరప్‌లో కుర్రాళ్లకు మ్యాచ్‌లు దొరికే ఎన్‌ఎఫ్‌ఎల్ సొంత లీగ్ 2007లోనే మూతపడింది.

ఈ మార్పు తప్పని చెప్పడం అన్యాయం. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ ట్యాకిల్ కోరీ స్ట్రింగర్ ట్రైనింగ్ క్యాంప్‌లో వడదెబ్బ తగిలి చనిపోయాడు. వయసు 27. అతను ఆఫెన్సివ్ లైన్‌మనే. తలకు తగిలే దెబ్బల లెక్కలోనూ ప్రతి స్నాప్‌కూ ఢీకొట్టే లైన్‌మెన్ ముందుంటారు. ప్రాక్టీస్ తగ్గించమని ఆటగాళ్లు అడిగింది సోమరితనంతో కాదు. కాబట్టి పాత రోజుల్లా రోజుకు రెండు పూటలు ఢీకొట్టించండి అనే సలహాను పక్కన పెట్టాల్సిందే. కానీ ఈ మార్పు ధర అందరి మీదా సమానంగా పడలేదని మాత్రం ఒప్పుకోవాలి. డిఫెన్స్ రషర్ తన మొదటి అడుగును, చేతి దెబ్బను ఒంటరిగా ఒక బ్యాగు మీద సాధన చేసుకోగలడు. ఎటు వెళ్లాలో నిర్ణయించేది అతనే కదా. లైన్‌మన్ పని మొత్తం ఎదుటివాడికి జవాబు చెప్పడం. ఎదురుగా మనిషి లేనిదే అతనికి సాధన లేదు. ప్యాడ్స్ లేని ప్రాక్టీస్‌లో అడుగులు నేర్చుకోవచ్చు కానీ 130 కిలోల మనిషి ఛాతీ మీద తోస్తే పాదాలు పాతుకుని ఆగడం నేర్చుకోలేడు.

దీనికి తోడు డబ్బు లెక్క. డ్రాఫ్ట్ అయిన ఆటగాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్ వాళ్లను జట్టు కావాలంటే ఐదో ఏడాదికీ ఉంచుకునే ఆప్షన్ ఉంటుంది, దాన్ని మూడో సీజన్ అవగానే తేల్చాలి. లైన్‌మన్ నిలదొక్కుకోవడానికి రెండేళ్లు పడితే, చవకగా వాడుకోవడానికి జట్టుకు మిగిలేది ఇంకో రెండేళ్లే. అందుకే తొందర. మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడిని సెప్టెంబర్‌లోనే మైదానంలోకి తోస్తారు, కుదరకపోతే మూడేళ్లకే పనికిరాడని ముద్ర వేస్తారు. బయట కొనుక్కుందామా అంటే నిజంగా మంచి లైన్‌మన్‌ను ఏ జట్టూ మార్కెట్‌లోకి వదలదు. అక్కడ దొరికేది ఓ మోస్తరు వాళ్లు, పెద్ద ధరకు.

2013 డ్రాఫ్ట్ ఈ విషయంలో ఒక పాఠ్యపుస్తకం. మొదటి నాలుగు ఎంపికల్లో ముగ్గురు ట్యాకిళ్లు. మొదట ఎరిక్ ఫిషర్, రెండో ఎంపిక లూక్ జోకెల్, నాలుగో ఎంపిక లేన్ జాన్సన్. ముగ్గురిలో జోకెల్ టెక్నిక్ పరంగా సిద్ధంగా ఉన్నవాడని, జాన్సన్ పచ్చివాడని అనుకున్నారు. జాన్సన్ జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్, తర్వాత ఓక్లహోమాలో టైట్ ఎండ్, డిఫెన్సివ్ ఎండ్ అనే వేరే స్థానాల్లో ఆడి, చివరికి ట్యాకిల్ అయ్యాడు. జోకెల్‌ను జాక్సన్‌విల్ కుడి వైపు మొదలుపెట్టించి, ఎడమ ట్యాకిల్‌ను వేరే జట్టుకు పంపేసి, సీజన్ మధ్యలో అతన్ని అటు జరిపింది. ఆ మొదటి మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది. కెరీర్ మళ్లీ గాడిలో పడలేదు. జాన్సన్ ఈగల్స్‌లో మొదటి రోజు నుంచే ఆడాడు. ఎదురుచూడకుండానే ఎదిగాడు కదా అనొచ్చు. అతని చుట్టూ ఎవరున్నారో చూడాలి. లోపలి వైపు అనుభవజ్ఞుడు టాడ్ హెర్రెమన్స్, మధ్యలో జేసన్ కెల్సీ, ఆ చివర జేసన్ పీటర్స్. ఆ లైన్‌లోని ఐదుగురూ 2013లో 16 మ్యాచ్‌లూ కలిసి మొదలుపెట్టారు. జాన్సన్‌ను ఒక్క వైపే, కుడి వైపే ఉంచారు. కాబట్టి రెండేళ్ల బెంచ్ దొరకకపోతే దానికి బదులు పనికొచ్చేది ఒక్కటే, కదలని చోటు, తెలిసిన పొరుగు.

కాన్సాస్ సిటీ 2021లో చేసింది కూడా అదే. అంతకు ముందు ఫిబ్రవరిలో ఇద్దరు ట్యాకిళ్లూ గాయాలతో లేక, క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ సూపర్ బౌల్ అంతా వెనక్కి పరిగెత్తుతూనే గడిపాడు, 31-9తో ఓడిపోయారు. ఆ వేసవిలో ఐదుగురినీ మార్చేశారు. సెంటర్ క్రీడ్ హంఫ్రీ రెండో రౌండ్, కుడి గార్డ్ ట్రే స్మిత్ ఆరో రౌండ్. ఇద్దరూ కొత్తవాళ్లే, మొదటి వారం నుంచే ఆడారు. కానీ సెంటర్ పక్కన పేట్రియాట్స్‌లో రాటుదేలిన జో తూనీని పెట్టారు. 2023 ఫిబ్రవరిలో, సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఈగల్స్ డిఫెన్స్ మీద ఆ లైన్ ఒక్క శాక్ కూడా ఇవ్వలేదు. మధ్యలో ఆడే ముగ్గురు ట్యాకిళ్ల కంటే త్వరగా కుదురుకోవడం సహజం. వాళ్లకు రెండు వైపులా సాయం ఉంటుంది, కాపాడాల్సిన జాగా తక్కువ. చివర ఉన్నవాడు ఒంటరి.

తొందరపడితే ఏమవుతుందో సియాటిల్ 2016లో చూపించింది. జార్జ్ ఫాంట్ వెస్టర్న్ కెంటకీలో బాస్కెట్‌బాల్ ఆటగాడు, కాలేజీ ఫుట్‌బాల్ అనుభవం పేరుకే. డ్రాఫ్ట్ కాని అతన్ని తీసుకుని ఆ ఏడాదే ఎడమ ట్యాకిల్‌గా దింపారు, చాలా మ్యాచ్‌లు మొదలుపెట్టించారు. అతనికీ మంచి జరగలేదు, గాయాలతో లాక్కొస్తున్న క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌కూ మంచి జరగలేదు. ఫాంట్‌లో సత్తా లేదా అంటే ఉంది, తర్వాత ఎన్నో ఏళ్లు లీగ్‌లో నిలబడ్డాడు. మైలాటాకు దొరికిన రెండేళ్లు అతనికి దొరకలేదు, అంతే.

దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది స్టీఫెన్ నీల్ ఉదాహరణ. 1999 ప్రపంచ ఫ్రీస్టయిల్ రెజ్లింగ్ ఛాంపియన్. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. 2001లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లోకి వచ్చాడు, తీసేశారు, కొన్నాళ్లు ఈగల్స్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (జట్టుతో ప్రాక్టీస్ మాత్రమే చేసే బృందంలో) ఉన్నాడు, తిరిగి వచ్చాడు, గాయపడ్డాడు. 2004 దాకా పూర్తిస్థాయి స్టార్టర్ కాలేదు. ఆ ఏడాది సూపర్ బౌల్ గెలిచిన జట్టు కుడి గార్డ్ అతనే. పేట్రియాట్స్‌లో ఉన్నన్నాళ్లూ అతని లైన్ కోచ్ ఒక్కరే, డాంటే స్కార్నెకియా. స్కార్నెకియా 2013 సీజన్ తర్వాత రిటైరై, 2016లో మళ్లీ వచ్చాడు. ఆయన లేని 2015 సీజన్‌లో పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ డెన్వర్‌లో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్లో (సూపర్ బౌల్‌కు సెమీఫైనల్ లాంటిది) దెబ్బ మీద దెబ్బ తిన్నాడు. ఆయన తిరిగొచ్చిన సీజన్‌లో జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఫలితమంతా ఒక్క కోచ్‌కు కట్టబెట్టడం సరికాదు, కానీ లైన్ కోచ్ మారితే అడుగుల పేర్లు, పిలుపులు, చేతి పద్ధతి అన్నీ మారతాయి. సగం నేర్చుకున్న కుర్రాడు మళ్లీ మొదటికొస్తాడు. హెడ్ కోచ్‌ను రెండేళ్లకోసారి మార్చే జట్లలో లైన్ ఎందుకు బాగుపడదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈగల్స్ ఈ పాయింట్‌ను బాగా పట్టుకుంది. 2013లో వచ్చిన లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్‌ను, మధ్యలో హెడ్ కోచ్‌లు మారినా కదిలించలేదు. చిప్ కెలీ, డగ్ పీటర్సన్, నిక్ సిరియాని, ముగ్గురి కిందా ఆయనే ఉన్నాడు. టీవీలో ఆటగాళ్లు తమ కాలేజీ పేరు చెప్పే చోట మైలాటా ‘జెఫ్ స్టౌట్‌లాండ్ యూనివర్సిటీ’ అని చెబుతాడు. కాలేజీలో ఆడని మనిషి కాబట్టి అది అక్షరాలా నిజం. 2019లో మొదటి రౌండ్‌లో 22వ ఎంపికగా తెచ్చుకున్న ఆండ్రే డిల్లార్డ్‌ను 2021 క్యాంప్‌లో దాటేసి మైలాటా ఎడమ ట్యాకిల్ స్థానం గెలుచుకున్నాడు. పెద్ద ఎంపికను పక్కన పెట్టి ఏడో రౌండ్ కుర్రాడిని నిలబెట్టడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అది తమ తప్పును తామే బయటపెట్టుకోవడం. అదే జట్టు కెల్సీ రిటైర్ కావడానికి రెండేళ్ల ముందే, 2022లో, రెండో రౌండ్‌లో క్యామ్ జర్గెన్స్‌ను తీసుకుంది. మొదటి ఏడాది అతను కెల్సీ వెనక కూర్చున్నాడు, రెండో ఏడాది కెల్సీ పక్కన కుడి గార్డ్ ఆడాడు, మూడో ఏడాది కెల్సీ స్థానంలోకి వచ్చి సూపర్ బౌల్ గెలిచాడు. జెట్స్ 2020లో 11వ ఎంపికగా తీసుకుని, వరుస గాయాల తర్వాత వదులుకున్న మెకై బెక్టన్‌ను ట్యాకిల్ నుంచి గార్డ్‌కు మార్చి అదే జట్టులో నిలబెట్టారు.

ప్యాడ్స్ లేని నెలల్లో ఏర్పడిన ఖాళీని ఇప్పుడు ప్రైవేట్ శిక్షకులు నింపుతున్నారు. లేన్ జాన్సన్, ట్రైనర్ డ్యూక్ మెనీవెదర్ కలిసి మొదలుపెట్టిన ఓఎల్ మాస్టర్‌మైండ్స్ సమావేశం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో జరుగుతుంది. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఊళ్లలో అదొకటి. వేరే వేరే జట్ల లైన్‌మెన్ వేసవిలో అక్కడ కూర్చుని వీడియో చూస్తారు, ఏ రషర్‌ను ఎలా ఆపారో ఒకరికొకరు చెప్పుకుంటారు. సీజన్‌లో ప్రత్యర్థులైనవాళ్లు ఇలా పని నేర్పుకోవడం గొప్ప విషయమే. కానీ దీనిలో ఒక లోటుంది. అక్కడికి వెళ్లేది ఎక్కువగా ఇప్పటికే నిలదొక్కుకున్నవాళ్లు. ఆరో రౌండ్ కుర్రాడికి ఆ దారి అంత సులువుగా తెరుచుకోదు, అసలు నేర్పాల్సింది అతనికే.

ఆటగాళ్ల సంఘంతో కుదిరిన 2020 ఒప్పందం ఒక మంచి పని చేసింది. మ్యాచ్ రోజున కనీసం ఎనిమిది మంది లైన్‌మెన్‌ను సిద్ధంగా ఉంచితే జట్టు అంతకు ముందున్న 46కు బదులు 48 మందిని ఆడించుకోవచ్చు. ఎనిమిదో మనిషికి అలా యూనిఫాం దొరికింది. తొమ్మిదో, పదో మనిషి సమస్య మిగిలే ఉంది. 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టి నేర్పుదామంటే, అతను కాస్త పనికొస్తాడని తెలియగానే గాయాలతో ఇబ్బందిపడుతున్న మరో జట్టు తన 53లోకి లాగేసుకోవచ్చు. అక్కడ వేరే కోచ్, వేరే పిలుపులు, వచ్చే ఆదివారమే మ్యాచ్. అతనికి జీతం పెరుగుతుంది కాబట్టి వెళ్లొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు, చదువు మాత్రం మధ్యలో ఆగిపోతుంది.

లీగ్ దగ్గర దీనికి నమూనా ఇప్పటికే ఉంది. విదేశీ ఆటగాళ్ల కోసం ప్రాక్టీస్ స్క్వాడ్‌లో లెక్కలోకి రాని అదనపు స్థానం ఇస్తున్నారు. మొదటి రెండేళ్లలో ఉన్న ఒక లైన్‌మన్‌కూ అలాంటి స్థానం ఇవ్వొచ్చు. 53లో చివరి ఆటగాడికి ఇచ్చే కనీస జీతం అతనికీ ఇస్తే ఆటగాళ్ల సంఘం అడ్డుచెప్పడానికి కారణం ఉండదు, ఆ రెండేళ్లూ వేరే జట్టు తీసుకోవడానికి వీల్లేకుండా చేస్తే కోచ్‌కు భరోసా ఉంటుంది. ప్రాక్టీస్ గంటలు ఒక్క నిమిషం కూడా పెంచనక్కర్లేదు. 32 జట్లలో ఒక్కొక్కరి చొప్పున ఏ సీజన్‌లోనైనా 32 మంది నేర్చుకుంటూ ఉంటారు.

ఈ లోపు జట్లు తమ చేతిలో ఉన్నది చేయొచ్చు. ఆగస్టు చివర జాబితాను 53కు కుదించేటప్పుడు చివరి స్థానం కోసం సాధారణంగా పోటీపడేది ఆరో రిసీవర్ (పాస్ అందుకునేవాడు), పదో లైన్‌మన్. రిసీవర్ కిక్‌లు రిటర్న్ చేస్తాడు, మొదటి వారమే కనిపిస్తాడు. లైన్‌మన్ ఏడాదంతా కనిపించకపోవచ్చు. మూడో ఏడాది ఎడమ ట్యాకిల్ గాయపడిన రోజు జట్టుకు కావాల్సింది ఆ లైన్‌మనే. 2020లో జేసన్ పీటర్స్ గాయపడి మైలాటా మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఈగల్స్‌కు అలా ఒకడు సిద్ధంగా ఉన్నాడు, ఎందుకంటే 2018 సీజన్ మొదలయ్యే ముందు ఆ స్థానం అతనికిచ్చారు.